గొలుసుకుట్టు సంతకం

పోయిన బుధవారం నేను ముప్పై మూడేళ్లు పనిచేసిన ఆఫీసుకు వెళ్లి, కౌంటరుకు ఇవతలి పక్క నిలబడ్డాను. రిటైరైనవాడు అటు వెళ్లకపోవడమే మర్యాద. మన కుర్చీలో ఇంకొకరు ఉంటారు, మనం ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్యాను ఇంకెవరికో గాలి విసురుతుంటుంది. నా కుర్చీలో ఇప్పుడు ముప్పై దాటిన ఒకామె ఉంది. మంచి మనిషే. కూర్చోమంది, నీళ్లు తెప్పించింది. నేను ఇచ్చిన గార్డియన్ దరఖాస్తు అందుకుని ఒక్కో గడి మీద వేలు పెట్టుకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, తల ఎత్తకుండా అడిగింది.

"అభ్యర్థి సంతకం చేయగలడా అండీ?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఈ ప్రశ్న ఏ చట్టంలో ఉందమ్మా? ఏ రూల్లో ఉంది? తీసి చూపించు!" అని గట్టిగానే అరిచాను. వెనక లైన్లో ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు. ఆమె బిత్తరపోయి, సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. దరఖాస్తు తీసుకునేటప్పుడు చూసుకోవాల్సిన విషయాల పట్టిక అది. జెరాక్సుకు జెరాక్సు తీసి తీసి అక్షరాలు వాచిపోయి ఉన్నాయి. అందులో ఏడోది ఆ ప్రశ్న.

ఆ పట్టిక తయారుచేసింది నేనే. చట్టం చెప్పలేదు, పైఅధికారి అడగలేదు. దరఖాస్తులు కుప్ప పడుతున్నాయని, పని తొందరగా తెములుతుందని, ఒక మధ్యాహ్నం భోజనం చేసొచ్చి నా సొంత తెలివితో టైపు కొట్టాను. నేను పెట్టిన చెట్టు కాయ నా నెత్తినే పడింది. నీళ్లు తాగి, "చేయగలడు. బ్రహ్మాండంగా చేస్తాడు. అదే అతని కర్మ" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ఎలా అవుతుంది? ఆ సంతకం వెనక ఉన్న మనిషిని ఆమె చూడలేదు కదా.

ఆ మనిషి, అతని తల్లి, పోయి మూడు నెలలు. ఆమె పేరు ఇక్కడ రాయను. ఫైల్లో పన్నెండు చోట్ల రాశాను, ఒక్కసారైనా ఆ పేరుతో పిలవలేదు. ఇప్పుడు కొత్తగా రాసి ఉద్ధరించేదేమీ లేదు.

మా సెక్షన్ పనేమిటో ముందు చెప్పాలి. బుద్ధి ఎదగని పిల్లలు ఉంటారు. వాళ్లకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల మాట చెల్లుతుంది. పద్దెనిమిది నిండిన రోజు పొద్దున్నించి చట్టం దృష్టిలో వాళ్లు అందరిలాంటి పెద్దవాళ్లు. నిన్న రాత్రి అన్నం కలిపి నోట్లో పెట్టిన తల్లి, తెల్లారేసరికి వాళ్ల తరఫున ఒక్క సంతకం పెట్టడానికి పనికిరాదు. పెట్టాలంటే కమిటీ ముందుకొచ్చి గార్డియన్ కాగితం తెచ్చుకోవాలి. ఆ కాగితాల కట్టలు కట్టడం, విప్పడం నా ఉద్యోగం. అభ్యర్థి అంటే ఆ బిడ్డ. దరఖాస్తుదారు అంటే ఆ తల్లి. ఈ రెండు మాటలు వాడితే ఇక వాళ్ల మొహాలు చూడనక్కర్లేదు.

ఆమె మొదటిసారి వచ్చినప్పుడు మెడలో కొలత టేపు ఉంది. బన్సీలాల్‌పేట్‌లో మెట్ల బావి వెనక సందులో బట్టలు కుట్టేది. బ్లౌజులు, బడిపిల్లల యూనిఫారాలు, చీరలకు ఫాల్స్. టేపు తీసేసి రావడం మరిచిపోయిందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ టేపు లేకుండా ఆమె ఎక్కడికీ వెళ్లదట. పెళ్లికైనా, చావుకైనా. "అది మెడల లేకుంటే చలి పెట్టినట్టుంటది సార్" అనేది. జాకెట్టు భుజం మీద దారం ఎక్కించిన సూది ఒకటి గుచ్చి ఉండేది. మిషను మీద కూర్చున్నంతసేపూ పెదాల మధ్య రెండు గుండుసూదులు పెట్టుకుని, వాటి పక్క నుంచే మాట్లాడేది. ముఖ్యమైన మాట చెప్పాల్సి వస్తే మాత్రం సూదులు తీసి చేతిలో పట్టుకునేది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఆఫీసులో నోట్లో సూదులు లేకపోయినా, గట్టిమాట అనబోయే ముందు రెండు వేళ్లు పెదాల దగ్గరికి పోయేవి. ఆ వేళ్లు లేచాయంటే నాకు వినక తప్పని మాట వస్తోందని అర్థం.

ఆమె వెనక, ఆమె కొంగు కాదు, ఆ టేపు చివర పట్టుకుని ఒక ఆజానుబాహువు. ఇరవై ఏడేళ్ల కొడుకు. యాదగిరి. ఆమె గిరి అని పిలిచేది. ఒళ్లు పెరిగింది, మనసు అయిదారేళ్ల దగ్గర ఆగింది. కనబడిన ప్రతివాడికీ "సారూ, తిన్నవా?" అంటాడు. జవాబు చెప్పేదాకా కదలడు. మా ఆఫీసులో ఆ ప్రశ్న అడిగినవాడు ముప్పై మూడేళ్లలో అతనొక్కడే.

"ఏంది నీ పని?" అన్నాను. చీర చూసి నువ్వు, మీరు తేల్చుకునే ఆఫీసు మాది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

"పన్ను సార్."

గిరికి దవడ పన్ను పుచ్చి మొహం వాచింది. కుర్చీలో నోరు తెరిచి కూర్చోడు, మత్తు ఇచ్చి తీయాలి. ఆసుపత్రిలో ఒప్పుకోలు కాగితం ముందు పెట్టారు. తల్లి పెడతానంటే, మేజరు కదా, అతనే పెట్టాలన్నారు. అతను పెట్టబోతే, ఇతనికి తెలివి లేదు కదా, ఇతని సంతకం చెల్లదన్నారు. గార్డియన్ కాగితం తెమ్మన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పన్ను మాత్రం ఆ రెంటి మధ్యా తన పని తాను చేసుకుపోయింది. చివరికి ఎవరో పెద్ద మనసున్న డాక్టరు, తల్లి సంతకం తీసుకుని, రూలు వైపు చూడకుండా పీకేశాడట. 

"పీకేశారు కదా, మరి ఇంకెందుకొచ్చావ్?"

"ఇంక ముప్పై పండ్లున్నయ్ సార్ వానికి. నేను ఎన్నొద్దులుంట?"

ఆమెకు గుండె జబ్బు. మెట్లెక్కి వచ్చినందుకు అప్పటికింకా ఆయాసపడుతోంది. గిరి ఎనిమిదేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఆమె చెల్లెలి కూతురు సునీత ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక క్లినిక్‌లో నర్సు, నేరేడ్‌మెట్‌లో ఉంటుంది. గిరి ఆమె చేతి అన్నం తింటాడు, ఆమె మాట వింటాడు. ఆమెనే గార్డియన్‌గా రాయమని అడగడానికొచ్చింది. నేను చట్టం తెలిసినవాడిలా నవ్వాను.

"తల్లి బతికుండగా ఇంకొకరు ఎందుకమ్మా?"

ఆమె రెండు వేళ్లు పెదాల దగ్గరికి వెళ్లాయి.

"నా పేరు రాస్తే నాతోటే పోతది గద సార్ ఆ కాయిదం. బతికున్నప్పుడే రాయించుకోవాలె. సచ్చినంక వచ్చి నిలవడుమంటరా మీ కౌంటర్ కాడ? నేను పోయిన తెల్లారి వీనికి ఎవ్వరు లేరని తీస్కవోయి ఏదన్న హోంల ఏస్తరు. సునీత పోయి అడిగితే, నువ్వెవరమ్మా అంటరు. ఆ ఒక్క మాటకు దాని చేతుల జవాబు పెట్టుమంటున్న. ఇంకేం అడుగుతలేను."

ఇంత స్పష్టంగా తన అవసరాన్ని చెప్పిన దరఖాస్తుదారు నాకు మళ్లీ తగల్లేదు. అయినా నేను పట్టిక తీశాను. ఒకటి నుంచి ఆరు దాకా టిక్కులు పెట్టుకుంటూ వచ్చి ఏడోది అడిగాను.

"సంతకం వచ్చా?"

ఆ క్షణంలో ఆమె మొహం వెలిగిపోయింది. అదే ఆమె చేసిన పొరపాటు. ఏ ఆఫీసు మొహమూ చూడని తల్లి మాత్రమే చేయగల పొరపాటు. కొడుకు గురించి ప్రపంచం ఇన్నాళ్లకు ఒక మంచి ప్రశ్న అడిగిందనుకుంది.

"దస్కత్ ఎందుకు రాదు సార్? మస్తుగ పెడ్తడు! గిరీ, సారుకు పెట్టి చూపెట్టు బిడ్డా."

గిరి నా పెన్ను తీసుకున్నాడు. నాలుక పంటికింద పెట్టి, కాగితం మీద పెన్ను ఆనించి, ఎక్కడా ఎత్తకుండా రాశాడు. ఒక్కో అక్షరం చిన్న చిన్న సున్నలు ఒకదానిలో ఒకటి దూరినట్టు, గొలుసులా సాగింది. యాదగిరి. చివర ఒక ముడి చుట్టాడు. తర్వాత తల వంచి, కాగితానికి నోరు ఆనించి, లేని దారాన్ని పటుక్కున కొరికాడు.

సెక్షనంతా నవ్వింది. చప్పట్లు కూడా కొట్టారు. ఆమె కాగితం తీసుకుని ముందు చూడలేదు, తిప్పి వెనక చూసింది. పెన్ను నొక్కిన చోట అక్షరాలు అటు ఉబ్బి ఉన్నాయి. వేలితో తడిమి, "ఎనక సుత మంచిగున్నది" అంది. గిరి అప్పుడే నవ్వాడు. 

నేను నోటు రాశాను: "అభ్యర్థి అడిగిన వెంటనే, ఎవరి సహాయమూ లేకుండా, స్పష్టంగా సంతకం చేసినాడు." మంచే రాస్తున్నాననుకున్నాను. అదీ నా తెలివి.

కమిటీ ఆ ఒక్క వాక్యం చదివింది. కింద డాక్టరు సర్టిఫికెట్ ఉంది, దాంట్లో అతని స్థితి వివరంగా రాసి ఉంది. దాని పేజీ తిప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. సంతకం చేయగలిగినవాడికి సంరక్షకుల అవసరం రుజువు కానందున దరఖాస్తు తిరస్కరించడమైనది. అంతే. ఆసుపత్రిలో అతని సంతకం చెల్లదు, ఎందుకంటే అతనికి తెలివి లేదు. మా దగ్గర అతనికి గార్డియన్ అక్కర్లేదు, ఎందుకంటే అతనికి సంతకం వచ్చు. ఈ రెండు మాటలూ ఒకే ప్రభుత్వం మాట్లాడుతుంది, ఒకే ఊళ్లో, ఒకే మనిషి గురించి! ఎవరికీ నాలుక తడబడదు.

ఆ తిరస్కరణ కాగితం పోస్టులో పంపితే సరిపోయేది. ఎందుకో నేనే పట్టుకెళ్లాను. మేముండేది పద్మారావు నగర్‌లో, వాళ్ల సందు దగ్గరే. మా ఆవిడ బ్లౌజు గుడ్డ, కొలతకు పాత బ్లౌజు కూడా సంచిలో పెట్టుకున్నాను, వట్టి చేతులతో చెడ్డవార్త మోయలేక. 

బావి బాగుచేసిన తర్వాత ఆ సందుల్లో జనం రాక పెరిగింది. ఫొటోలు తీసుకోవడానికొచ్చిన ప్రతివాణ్ణీ గిరి గుమ్మంలోంచి "తిన్నవా సారూ?" అని అడుగుతున్నాడు. కొందరు నవ్వి వెళ్తున్నారు, కొందరు భయపడి అడుగు తొందర చేస్తున్నారు. ఆమె కిటికీ పక్క మిషను మీద ఉంది. కాగితం చేతికిస్తే అలవాటు ప్రకారం ముందు వెనక్కి తిప్పింది. వెనక తెల్లగా ఉంది.

"ముందు అందరు మంచిగనే కుడ్తరు సార్. ఎనక చూస్తె తెలుస్తది పనితనం" అంది. తర్వాత సునీత వచ్చాక చదివించుకుంటానని మడిచి మిషను సొరుగులో పెట్టింది. 

నేనే చదివి చెప్పాను. సంతకం వచ్చు కాబట్టి ఇవ్వలేదని చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె లేచి, గోడకున్న మేకు మీది నుంచి ఒక గుడ్డల కట్ట తీసి నా ఒళ్లో వేసింది.

అవన్నీ తెల్లగుడ్డ ముక్కలు. ప్రతి దాని మీదా లావు ఎర్రదారంతో గొలుసుకుట్టు. మొదటివి పదో ఇరవయ్యో, అన్నిటి మీదా ఒక్క 'యా'. గిరి పుస్తకంలో అక్షరం చూస్తే గుర్తుపట్టడు. కళ్లు మూసి వేలితో తడిమితే పడతాడని ఆమెకు ఎప్పుడో తెలిసింది. అందుకని పేరు దారంతో కుట్టి, వేలు దాని మీద నడిపించింది. ఆ ఒక్క 'యా' వేలికి ఎక్కడానికి రెండేళ్లు పట్టింది. తర్వాత కుట్టుసుద్దతో నేల మీద, ఆ తర్వాత పెన్నుతో కాగితం మీద. పేరు మొత్తం వచ్చేసరికి పన్నెండేళ్లు. దారం తెగకుండా నడిచే కుట్టు కాబట్టి అతను పెన్ను ఎత్తడు. కుట్టు అయ్యాక ముడి వేసి దారం కొరకాలి కాబట్టి కొరుకుతాడు. అమ్మ వెనక్కి తిప్పి చూసి బాగుందనేదాకా పని అయినట్టు కాదు. అతనికి సంతకమంటే ఇదంతా కలిపి.

"వీళ్ల నాయిన ఏలిముద్ర సార్" అంది ఆమె, సూదులు నోట్లోంచి తీసి. "ఏ ఆఫీస్ కాడికి పోయిన, ఏలు పట్టుకోని సిరాల ముంచి గుద్దిపిచ్చుకునెటోళ్లు. మనిషి మొకం సుత చూడకపోయేటోళ్లు. నా కొడుకుకు బుద్ధి నేను తేలేను. గని, వాని ఏలు ఇంకొకడు పట్టుకోవద్దని నేర్పిన. మనం ఏలిముద్రగాళ్లం కాదు బిడ్డా అని రోజు చెప్పిన. ఇప్పుడు మీరేమంటున్నరు? నేర్పుడే తప్పంటున్నరు."

 ఆమె మళ్లీ మిషను ముందు కూర్చుని, నేను తెచ్చిన గుడ్డను చేత్తోనే కొలిచి, మా ఆవిడ కొలత బ్లౌజు అంచు విప్పి చూసింది. "ఎవడు కుట్టిండు సార్ ఇది? మడతల బట్టే ఇడవలేదు. మనిషి ఒక్కతీర్గ ఉంటదా? లావైతది, సన్నమైతది. అంగుళం లోపటికి మడిచి పెట్టాలె, రేపటికని" అంది. అంచు మళ్లీ మడుస్తూ, "మీ కాయిదం సుత గిట్లనే ఉన్నది" అంది. ఆ మాట అంత మామూలుగా అంది కాబట్టే నాకు ఇన్నేళ్లయినా మంట తగ్గలేదు.

ఇక్కడ నేను చేసిన రెండో ఘనకార్యం చెప్పాలి. ఏడాది తర్వాత ఆమెకు ఒకసారి గుండెపోటు వచ్చి బయటపడింది. మళ్లీ దరఖాస్తు పెట్టించాను. ఈసారి నేనొక ఉపాయం చెప్పాను, సాయం చేస్తున్నాననుకుని.

"అమ్మా, ఈసారి గిరి చేత సంతకం వద్దు. వేలిముద్ర వేయించండి. పని అయిపోతుంది." అప్పటికి మీరు అనడం నేర్చుకున్నాను, అదొక్కటే ప్రగతి.

 "అయితదా సార్, పక్కా?" అంది ఆమె. అవుతుందన్నాను. పన్నెండేళ్లు కుట్టినదాన్ని ఒక్క పూటలో విప్పమని ఒక తల్లికి చెప్పాను నేను. ఆమె సరేనంది. రేపు లేనని తెలిసిన మనిషి దేనికైనా సరే అంటుంది. ఆ సరే అనిపించుకోవడానికి కదా మన ఆఫీసులన్నీ ఉన్నది!

కమిటీలో ఆ రోజు పెద్దసారు, ఇద్దరు సభ్యులు ఉన్నారు. సునీత డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. సిరా ప్యాడు నేనే తెరిచి బల్ల మీద పెట్టాను. ఆమె గిరి కుడిచేయి పట్టుకుని, బొటనవేలు విడదీసి, మెల్లగా ప్యాడు వైపు జరిపింది. గిరి ప్యాడు చూశాడు. అమ్మ మొహం చూశాడు. చేయి లాక్కుని వీపు వెనక దాచుకున్నాడు.

"వద్దు. మనం ఏలిముద్రగాళ్లం కాదు" అన్నాడు. ఎప్పుడూ అంత పెద్ద వాక్యం మాట్లాడని మనిషి.

"ఈ ఒక్కపారి బిడ్డా" అంది ఆమె. 

"కాదు. కాదు. అమ్మా, కాదు." భుజాలు ఎగరేస్తూ ఏడవడం మొదలుపెట్టాడు. అంతటి మనిషి, పసిపిల్లవాడి ఏడుపు.

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, "బాగానే మాట్లాడుతున్నాడే. ఆత్మాభిమానం కూడా ఉంది" అని పక్కవాళ్లతో అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు, అదే దారుణం. "ఏమ్మా, సంతకం వచ్చినవాడి చేత వేలిముద్ర ఎందుకు వేయిస్తున్నావ్? ఎవరు చెప్పారు నీకు?"

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నా ఉద్యోగం సంగతి తేలిపోయేది. రెండు వేళ్లు పెదాల దగ్గరికి వెళ్లాయి.

"ఎవ్వరు చెప్పలే సార్. నాదే తప్పు. వానికి దస్కత్ వస్తది. తిన్నవా అని అడగొస్తది. ఏడ్వొస్తది. రోడ్డు దాటుడు రాదు, తాళం తీసుడు రాదు, గోళీ ఏదో విషం ఏదో తెల్వది. ఎవడన్న నవ్వుకుంట గీడ పెట్టు బిడ్డా అంటే ఏ కాయిదం మీదనన్న పెడ్తడు. గందుకే ఒక మనిషిని రాసియ్యుమంటున్న. వానికి రాదని చూపెడ్తెనే ఇస్తమంటె ఎట్ల సార్? వచ్చినకాడికి ఉండనియ్యండ్రి, రానికాడికి ఆసరా ఇయ్యండ్రి. అంగుళం బట్ట ఇడువుండ్రి సార్, మీ రూల్ల!"

అని, నా జేబులోంచి తనే పెన్ను తీసుకుని గిరి చేతికిచ్చింది. "దస్కత్ పెట్టు బిడ్డా."

ఏడుస్తూనే పెట్టాడు. గొలుసు, ముడి, కొరుకుడు. ఆమె తిప్పి చూసి "మంచిగున్నది" అంది. ఆ కాగితం పెద్దసారు ముందు పెట్టి, కొడుకును తీసుకుని, టేపు చివర అతని చేతికిచ్చి బయటికి నడిచింది. మరుసటి వారం ఫైలు మీద "మరికొంత పరిశీలించవలసి ఉన్నది" అని రాసి వచ్చింది. ఆ మాట అర్థం ముప్పై మూడేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాడికి తెలుసు. నేను రిటైరయ్యే రోజున ఆ కట్ట అదే అరలో ఉంది. నాకు శాలువా కప్పారు.

ఆమె తర్వాత కూడా మా ఇంటి బట్టలు కుట్టింది. నా మీద కోపం చూపించలేదు. ఒకసారి గుమ్మంలో నిలబెట్టి నా చొక్కా భుజం దగ్గర విడిపోయిన కుట్టు, ఒంటి మీదే, తన జాకెట్టుకున్న సూదితో వేసేసింది. దారం కొరకడానికి తల వంచినప్పుడు ఆమె ఊపిరి బరువు విన్నాను. "కాయిదం సంగతి ఏమాయె సార్?" అని ప్రతిసారీ అడిగేది, ఎండ ఎట్లున్నది అన్నట్టు. నేను ప్రతిసారీ "కనుక్కుంటాను" అనేవాణ్ణి. ఆ మాట మీద జీతం తీసుకున్నవాణ్ణి, ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు.

మూడు నెలల కింద ఒక మధ్యాహ్నం సునీత ఫోన్ చేసింది. "సార్, పెద్దమ్మ మిషన్ మీదనే పడిపోయిందట. పక్కింటోళ్లు హాస్పిటల్‌కు తీస్కపోయిన్రు. నేను బయల్దేరిన, ట్రాఫిక్‌ల ఉన్న. మీరు దగ్గరుంటరు గద, జెర పోండ్రి సార్."

నేను వెళ్లేసరికే అయిపోయింది. గిరి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ టేపు అతని మెడలో ఉంది, ఎవరు వేశారో. నన్ను చూడగానే "సారూ, తిన్నవా?" అన్నాడు. తిన్నానన్నాను.

కౌంటరులో కుర్రాడు కాదు, నా వయసుకు దగ్గరపడ్డవాడే. ఆమెను బయటికి ఇవ్వడానికి ఒక కాగితం ఇవతలికి తోశాడు. "బంధువుల సంతకం కావాలి."

"చెల్లెలి కూతురు దారిలో ఉందండీ, అరగంటలో వచ్చేస్తుంది."

"చెల్లెలి కూతురు దేనికి సార్, ఆయన సొంత కొడుకే కదా? మేజరే కదా?"

"మేజరే. కానీ అతనికి తెలియదండీ. దేని మీద పెడుతున్నాడో తెలియదు. అతనికి ఒక గార్డియన్..."

ఉండాలి అనబోయి ఆగిపోయాను. లేడెందుకో ఆయన అడిగితే ఏం చెప్పను? ఆయన అదేమీ అడగలేదు. విసుగ్గా నా వైపు చూసి, నేను టైపు కొట్టిన ఏడో ప్రశ్నే అడిగాడు.

"సంతకం వచ్చా రాదా సార్?"

 బెంచీ మీద నుంచి జవాబు వచ్చింది.

"వస్తది" అన్నాడు గిరి. లేచి వచ్చి పెన్ను తీసుకున్నాడు. 

ఆ పెన్నును ఎవరూ ఆపలేదు. పుచ్చిన పన్ను దగ్గర చెల్లని సంతకం, బతికినంతకాలం ఆమెకు అడ్డమొచ్చిన సంతకం, ఆమె శవం దగ్గర చక్కగా చెల్లింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క సర్టిఫికెట్ లేదు. అతను నాలుక పంటికింద పెట్టి, పెన్ను ఎత్తకుండా, యా నుంచి రి దాకా గొలుసు లాగాడు. ముడి వేశాడు. తల వంచి దారం కొరికాడు.

కౌంటరాయన కాగితం కోసం చేయి చాచాడు. గిరి ఇవ్వలేదు. కాగితం తిప్పి వెనక చూసుకున్నాడు. చుట్టూ చూశాడు. తర్వాత దాన్ని నా చేతికిచ్చి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను వేలితో తడిమాను. అక్షరాలు ఉబ్బి ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు. 

"మంచిగుంది గిరీ" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. నా మాట చాలలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడతపడకుండా రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

"జల్దీ కానియ్యండి సార్, ఆ కాగితం ఇస్తేనే లోపల బాడీ ఇచ్చేది" అన్నాడు కౌంటరాయన.

"ఇస్త" అన్నాడు గిరి. "అమ్మ చూసినంక ఇస్త."